వీరవేణి కుడిచెయ్యి

సోమవారం. అల బాగుంది.

కరెంటిచ్చే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు గోకే వంతు ఇవాళ నాది. సాగరలంకలో డాక్టరైనా దర్జీ అయినా వంతు వంతే. మోకాళ్ళ మీద కూర్చుని గోకుతుండగా మా ఆసుపత్రి పడవ ఒక్క కుదుపు కుదిపింది. చేతిలో బద్ద ఎగిరి సముద్రంలో పడింది. నేను తిట్టుకునే లోపే కింద గుండె గదిలోంచి కేక వినిపించింది.

"ఎడం పక్కకి లాగమనండి బాబూ ఆ మనిషిని! ఊరికి ఊరు బద్దలుకొట్టేసేలాగున్నాడు!"

ఆ కేకకి నాకెంత సంతోషమేసిందంటే, పోయిన బద్ద సంగతే మర్చిపోయాను. అరిచింది వీరవేణి. మా ఊరంతా ఒకదానికొకటి తాళ్ళతో కట్టిన పడవలే. ముందు ఒక లాగుడు పడవ ఉంటుంది. అది ఎటు లాగితే ఊరు అటు పోతుంది. దాని చుక్కాని వీరవేణిది. పోయిన నెల విషజ్వరం వచ్చి ఆమె గుండె వాచిపోయింది, కొట్టుకోవడం దాదాపు మానేసింది. అప్పటి నుంచి మంచం పక్కనున్న పంపే ఆమెను బతికిస్తోంది. ఒక తొడలోంచి రక్తాన్ని లాక్కుని, దానికి ప్రాణవాయువు పట్టించి, రెండో తొడలోంచి మళ్ళీ లోపలికి తోస్తుంది. ఈలోగా చుక్కాని ఆమె మొగుడు గవర్రాజు చేతికొచ్చింది. గవర్రాజు మంచి దర్జీ. అంతకు మించి ఏమీ అనను.

కిందకి దిగేసరికి పంపు చూసుకునే ఇమ్మానుయేలు తెర ముందు కూర్చుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. పంపు రక్తాన్ని ఆగకుండా ఒకే ధారగా తోస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ వీరవేణి మణికట్టు పట్టుకుంటే నాడే తెలిసేది కాదు, తెర మీద గీత కూడా తిన్నగా పోయేది. ఇవాళ ఆ గీత మీద చిన్న చిన్న గుట్టలు లేచాయి.

"లేచిందండి డాక్టరమ్మా. ఇంకా మంచం దిగలేదు గానండి, ఒళ్ళు విరుచుకుంటోంది," అన్నాడు.

రొమ్ము మీద పరికరం పెట్టి గుండెను చూశాను. నిజమే. ఒక్కో దెబ్బకీ గుండె తలుపు కొంచెం తెరుచుకుంటోంది, కొంచెం రక్తం బయటికి పోతోంది. నేనూ ఇమ్మానుయేలూ ఒకరి చేతులొకరం పట్టుకుని చిన్నపిల్లల్లా ఊగిపోయాం. వీరవేణి అత్తగారు సుబ్బాయమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, "పెద్దోళ్ళు, మీకేటండి ఈ గెంతులు," అంది గానీ ఆవిడ కళ్ళు కూడా తడిసే ఉన్నాయి.

మంగళవారం. అల బాగుంది.

ఈ పంపును ఎక్కువ రోజులు ఉంచలేం. గొట్టాల్లో రక్తం గడ్డ కడుతుంది, కాళ్ళు పాడవుతాయి. ఆలోగా గుండె తన పని తాను అందుకోవాలి, లేదా శాశ్వత పంపు పెట్టాలి. పెద్దాసుపత్రి ఓడ నుంచి సర్జను భానోజీరావు గారు శనివారం ఆ శాశ్వత పంపు పట్టుకుని వస్తున్నారు. అది పెడితే మనిషి బతుకుతుంది. కానీ పొట్టలోంచి వచ్చే తీగ ఎప్పుడూ ఆ ఓడ కరెంటుకే తగిలించి ఉండాలి, ఉప్పునీటి చుక్క దాని మీద పడకూడదు. అంటే వీరవేణి ఇక జన్మంతా ఆ ఓడ గోడల మధ్యే ఉండాలి.

ఈ సంగతి ఆమెకి దాచకుండా చెప్పాను.

"బతుకుతానండి, కాదనను. మరి చుక్కాని ముట్టుకోకుండా ఆ బతుకుతో నేనేం చేసుకోనండి?" అంది.

పరీక్షకి సిద్ధం చేశాం. పంపును సగానికి తగ్గించి, మిగతా సగం గుండె మోస్తుందో లేదో చూడటమే పరీక్ష. ఇమ్మానుయేలు పంపు మర మెల్లగా తిప్పాడు. మొదట గీత మీద గుట్టలు పెరిగాయి, నా గుండె కూడా ఉబ్బింది. ఆ వెంటనే వీరవేణికి ఆయాసం ముంచుకొచ్చింది. దెబ్బలు అడ్డదిడ్డంగా పడటం మొదలెట్టాయి. పంపును మళ్ళీ పైకి పెంచేశాం.

గోడకున్న యంత్రం, మేము చూపరి అంటాం, బడి పంతులు గొంతుతో "పరీక్ష తప్పింది" అని చదివింది. దాన్ని అలా మాట్లాడేలా చేసినవాడు ఎప్పుడైనా దొరికితే రెండు మాటలు అడగాలని ఉంది.

ఎడం చేతి వేలికున్న గుచ్చు, రక్తంలో గాలిని కొలిచేది, ప్రాణవాయువు నూటికి తొంభై తొమ్మిది అని చూపించింది. రక్తంలో గాలికి లోటు లేదు కాబట్టి లోటు గుండెలోనే ఉందని రాసుకున్నాను.

బుధవారం. అల లేదు.

సముద్రం నూనె పోసినట్టు ఉంది. అల లేకపోతే మాకు కరెంటు సగమే. నేను అడక్కుండానే ఊళ్ళో ఒక్కో పడవా ఫంకాలు ఆపేసింది. చెమటలు కక్కుకుంటూ అందరూ పైకొచ్చి కూర్చున్నారు, గుండె గది పంపుకి మాత్రం కరెంటు తగ్గలేదు. ఇలాంటి ఊరిని విడిచి ఇంకెక్కడికైనా పొమ్మంటే నేను పోను.

ఇవాళ ఇంకో విశేషం. సుబ్బాయమ్మ పీపాలో పెంచిన నేరేడు చెట్టు మొదటి కాపు కాసింది. నాటిన రోజు నుంచి ఊరు ఊరంతా ఆ పీపా చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని పెళ్ళికూతురి తల్లిలా గుండె గదిలోకి వచ్చింది. ఇమ్మానుయేలు గుప్పెడు మింగాడు. నేను ఎన్ని తిన్నానో రాయను. అందరి నాలుకలూ, వేళ్ళూ ఊదా రంగే. ఒకరి నాలుక ఒకరికి చూపించుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

మా గుండె గదిలో రోగులు తమ చేత్తో తామే తింటారు. గోడ మీద పెద్ద అక్షరాలతో "కుడిచెయ్యి అన్నానిది" అని రాసి ఉంటుంది. ఊరు కట్టిన కొత్తలో రోగులకు రెండు చేతులకూ సూదులూ, వేళ్ళకు గుచ్చులూ పెట్టి, నర్సులు చెంచాలతో తినిపించేవారట. జనం మూతులు బిగించేసుకున్నారట, చెంచా అన్నం దిగదని. అప్పుడు మా పెద్దలు సూదైనా గుచ్చైనా ఎడం చేతికే అని తీర్మానించారు. బయటి ఓడల డాక్టర్లు ఈ మాట విని నవ్వుతారు. నాకు మాత్రం మా ఊరి కట్టుబాట్లలో అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే.

మధ్యాహ్నం గవర్రాజు మళ్ళీ ఒక కుదుపు కుదిపాడు. ఈసారి గట్టిదే. పళ్ళ గంప దొర్లి మంచం కిందికి పోయింది. నేను నవ్వుతూ వీరవేణి వైపు తిరిగి, తిట్టు కోసం చెవి ఒగ్గాను. ఆమె ఏమీ అనలేదు. సగం కళ్ళు మూసుకుని, ఏదో దూరపు మాట వింటున్నట్టు పడుకుని ఉంది.

"నీరసమండి," అంది సుబ్బాయమ్మ.

అయి ఉండొచ్చు. కానీ నాకు నచ్చలేదు.

గురువారం. అల కొంచెం.

రెండో పరీక్ష. మొన్నటికన్నా తొందరగా తప్పింది. విచిత్రమేమిటంటే, పరీక్షకి ముందు చూసినప్పుడు గుండె మొన్నటికన్నా బాగా ముడుచుకుంటోంది. గీత మీద గుట్టలు కూడా పెద్దవయ్యాయి. గుండె బాగుపడుతోంది, మనిషి పాడవుతోంది. ఇదెలా కుదురుతుంది?

వీరవేణిని ఇవాళ ఏ వారమని అడిగాను. నవ్వి, "పోలేరమ్మ రేవు దాటేమా?" అంది. పోలేరమ్మ రేవు మేము దాటి ఏడాదవుతోంది. ఇమ్మానుయేలు మొహం పాలిపోయింది.

భానోజీరావు గారికి కబురు చేశాం. ఆయన శనివారం దాకా ఆగకుండా రేపే వస్తానన్నారు. సుబ్బాయమ్మకి చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆవిడ ఏడవలేదు. కోడలి తల దువ్వి, జడ వేసి, "ఓడ మీదైతే ఓడ మీదే. నేనూ అక్కడికే వచ్చేస్తానే పిల్లా. నీతోపాటు నా పీపా కూడాను," అంది. నేను బయటికొచ్చి తాళ్ళ గదిలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

శుక్రవారం. అల బాగుంది.

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

భానోజీరావు గారు పొద్దున్నే చిన్న పడవలో వచ్చారు. శాశ్వత పంపు పెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎత్తుగా, నెమ్మదిగా ఉండే మనిషి. పడవ దిగుతూనే సుబ్బాయమ్మ పళ్ళు చేతిలో పెడితే కాదనలేక తిన్నారు, ఊదా రంగు వేళ్ళతోనే కాగితాలు తిరగేశారు. నేను చూసిందే ఆయనా చూశారు. గుండె ముడుచుకుంటోంది, పంపు తగ్గిస్తే మాత్రం తడబడుతోంది.

"మధ్యాహ్నం మొదలుపెడదామండీ హైమావతి గారూ," అన్నారు. నేను తలూపాను.

కత్తి ముట్టే ముందు రోగి దగ్గర కాసేపు కూర్చోవడం నా అలవాటు. వీరవేణి మగతగా ఉంది. దుప్పటి మీద కుడిచెయ్యి వాల్చి ఉంది. వేళ్ళూ గోళ్ళూ ఊదా రంగు. ఎలాగైనా ఒక నవ్వు రప్పిద్దామని, "ఏమమ్మా, మాకు తెలీకుండా ఎన్ని పళ్ళు లాగించావు?" అన్నాను.

తడిగుడ్డతో వస్తున్న సుబ్బాయమ్మకి రోషం వచ్చింది.

"మీరు మరీనండి! బుధారం నుంచి అది అన్నం మెతుకే సరిగ్గా ముట్టలేదు, పండెక్కడిదండి? ఆ మరకేదో నా చేతిది అంటిందనుకుని నిమ్మచెక్కెట్టి కూడా రుద్దేను. పోలేదండి."

నేను ఆవిడ చేతిలోంచి తడిగుడ్డ లాక్కున్నాను. వీరవేణి కుడి చూపుడువేలు గట్టిగా తుడిచాను. గుడ్డ తెల్లగానే ఉంది. పొద్దున మళ్ళీ పళ్ళు తిన్న నా వేలు తుడిస్తే ఊదా రంగు అంటింది. ఎడం చెయ్యి ఎత్తి చూశాను. ఆ గోళ్ళు గులాబీ రంగులో, ఏ లోటూ లేకుండా ఉన్నాయి.

"ఇమ్మానుయేల్! ఆ గుచ్చు తీసి కుడిచేతికి పెట్టు!"

అతను గోడ మీది రాత వైపు చూశాడు. "కుడిచేతికాండి?"

"కుడిచేతికే!"

పెట్టాడు. చూపరి కాసేపు ఆలోచించి, డెబ్బై ఒకటి అంది. గుచ్చు పాడైందేమోనని ఇమ్మానుయేలు తీసి తన వేలికి పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. మళ్ళీ వీరవేణి వేలికి పెట్టాడు. డెబ్బై.

అప్పుడు నాకు మొత్తం తెలిసిపోయింది. పంపు తోసే మంచి రక్తం తొడ దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. గుండె నిద్రపోయినన్నాళ్ళూ దానికి అడ్డు లేదు, తలదాకా, రెండు చేతులదాకా అదే పోతుంది. గుండె లేచిందా, తన రక్తాన్ని పైనుంచి తోస్తుంది. రెండూ దారిలో ఎదురుపడతాయి. గుండె నుంచి బయలుదేరగానే మొదటి కొమ్మ తలకీ కుడిచేతికీ పోతుంది. ఎడం చేతి కొమ్మ ఆ తర్వాతది. వీరవేణి గుండె తన వాటా తాను తోస్తోంది, కుడిచేతిదాకా గెలిచింది కూడా. కానీ అది తోసే రక్తం ఊపిరితిత్తుల్లోంచి రావాలి. జ్వరానికి అవి నెమ్ముతో నిండిపోయి ఉన్నాయి. పంపు ఉండగా ఊపిరితిత్తుల సంగతి మాలో ఎవరికి పట్టింది? గాలి అందని రక్తమే తలకి పోతోంది, అందుకే ఆ మగత. అదే రక్తం గుండెకీ పోతోంది, అందుకే పంపు తగ్గించగానే ఆ తడబాటు. నాలుగు రోజులుగా మేమంతా ఎడం చేతిని చూసి గుండెను తిడుతున్నాం!

భానోజీరావు గారు ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత తన ఊదా రంగు వేళ్ళు చూసుకున్నారు.

"నేనూ పండు మరకే అనుకున్నానండీ," అన్నారు. "గాలి తొడుగు పెట్టండి. పెట్టె అక్కడే ఉండనీండి."

ముఖానికి గాలి తొడుగు బిగించి, ఊపిరితిత్తుల్లోకి గట్టిగా గాలి తోశాం. కుడిచేతి అంకె డెబ్బై అయిదయింది, ఎనభై దాటింది. అందరం ఆ ఒక్క వేలి చుట్టూ మూగాం. ఊదా రంగు గోరు చివర నుంచి మెల్లగా గులాబీ అవుతుంటే, పుట్టిన బిడ్డను చూసినప్పుడు కూడా నేను అంత మురిసిపోలేదు.

సుబ్బాయమ్మ గోడ మీది రాత వైపు, గుచ్చున్న వేలి వైపు మార్చి మార్చి చూసింది. ఏమంటుందోనని భయపడ్డాను. మా వాళ్ళకి ఆ రాత చిన్న సంగతి కాదు.

"దాని కుడిచెయ్యి మీకిచ్చేసేనండి," అంది. "అన్నానికి నా కుడిచెయ్యి ఉంది కదండి."

సాయంత్రం అవుతుండగా గవర్రాజు అలవాటు ప్రకారం ఊరిని కుదిపాడు. తొడుగు లోపలి నుంచి ఏదో గొణుగుడు వినిపించింది. ఇమ్మానుయేలు తొడుగు కొంచెం ఎత్తాడు.

"ఆ మనిషిని... సూది దారం పట్టుకోమనండి బాబూ... చుక్కాని వద్దు," అంది వీరవేణి.

గది గదంతా ఒక్కసారి నవ్వింది. భానోజీరావు గారు కూడా పెద్దగా నవ్వారు. ఆయన నవ్వగలరని నాకు ఇవాళే తెలిసింది.

ఆదివారం. అల బాగుంది.

వీరవేణికి కొత్త పని ఇచ్చాను. సీసాలో సగం నీళ్ళు, అందులో గొట్టం, గొట్టంలోంచి ఊది బుడగలు రప్పించాలి. ఊపిరితిత్తుల్లో మూసుకుపోయిన మూలలు తెరుచుకుంటాయి. రెండు సార్లు ఊది, "నేనేటి చంటిపిల్లనా డాక్టరమ్మా," అంది. అంతే, సుబ్బాయమ్మ ఇంకో సీసా తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఇక అత్తాకోడళ్ళ మధ్య పోటీ. ఎవరి బుడగలు ఎక్కువసేపు ఆగకుండా వస్తాయో చూడటానికి ఇమ్మానుయేలు తీర్పరి. అత్తగారు దొంగాట ఆడుతోందని కోడలు, కోడలు మధ్యలో ఊపిరి పీలుస్తోందని అత్తగారు. దగ్గు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, నెమ్మంతా కదిలింది.

అన్నం వేళకి సుబ్బాయమ్మ పప్పన్నం ముద్దలు చేసి తినిపించింది. చెంచా అన్నం దిగని మా జనానికి అత్తగారి చేతి ముద్ద మహా చక్కగా దిగింది.

భానోజీరావు గారు తిరిగి వెళ్ళలేదు. పెట్టె ఒక మూల పెట్టి, ఎండ పలకల మీద ఉప్పు గోకే వంతు తీసుకున్నారు. బాగానే గోకుతున్నారు.

మంగళవారం. అల చాలా బాగుంది.

ఇవాళ మూడో పరీక్ష. ఇది కూడా తప్పితే పెట్టె తెరవక తప్పదని భానోజీరావు గారు నిన్ననే చెప్పారు. నిజమే, గొట్టాలు పెట్టిన కాళ్ళల్లో ఒకటి వాచడం మొదలైంది.

గవర్రాజు చుక్కాని కట్టేసి వచ్చాడు. ఊరు ఒక పూట ఎటు కొట్టుకుపోయినా పరవాలేదని ఊరి పెద్దలే పంపారట. భార్య కాళ్ళ దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తోచక దుప్పటి అంచు కుట్టు పరీక్షిస్తున్నాడు. బయట మెట్ల మీద జనం.

గుచ్చు కుడిచేతికే ఉంది. ఇమ్మానుయేలు మర తిప్పాడు. పంపు సగానికి వచ్చింది. వీరవేణి ఊపిరి మామూలుగానే ఉంది. పావుకి తగ్గించాడు. గీత మీద గుట్టలు ఎత్తుగా, ఒకదాని వెనక ఒకటి బారుగా వస్తున్నాయి. కుడిచెయ్యి తొంభై ఆరు. "ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"మీరందరూ అలా గుడ్లప్పగించి చూస్తంటే సిగ్గేస్తోందండి," అంది.

భానోజీరావు గారు నా వైపు చూసి తలూపారు. గొట్టాలు బిగించి, పంపు ఆపేశాం. ఇన్నాళ్ళూ గదిలో ఆగకుండా వినిపించిన ఆ జుమ్మనే చప్పుడు ఆగిపోయింది. గవర్రాజు భయపడి దుప్పటి గట్టిగా పట్టుకున్నాడు. నేను వీరవేణి మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. కొట్టుకుంటోంది. ఆగుతుందేమోనని వేచి చూశాను. గంట దాటినా చెయ్యి తీయలేదు. నిదానంగా, బలంగా కొట్టుకుంటూనే ఉంది. చూపరి "పరీక్ష నెగ్గింది" అంటే, ఆ పంతులు గొంతు మొదటిసారి నాకు ముద్దుగా వినిపించింది.

సుబ్బాయమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. వంగి పంపు లోపలికి తొంగి చూసింది. చక్రం కదలడం లేదు. నా భుజం తట్టి, ఎవరికీ వినిపించకూడదన్నట్టు చెవి దగ్గర అడిగింది.

"డాక్టరమ్మా, మిషను ఆగిపోయింది కదండి. మరి ఇప్పుడు దాని గుండెని ఎవరు ఆడిస్తున్నారండి?"

"ఎవరూ లేరండి. తనే."

ఆవిడ కోడలి ముఖం వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. కొంగు నడుముకి బిగించి తలుపు దగ్గరికి నడిచి, మెట్ల మీద ఊపిరి బిగపట్టుకుని ఉన్న ఊరినంతా ఉద్దేశించి గొంతెత్తి అరిచింది.

"తనేనంటండి! ఇంకెవరూ లేరంట! మా పిల్ల తనే!"